ముప్పై అడుగుల రోడ్డుకు అడ్డంగా కట్టిన గోడ

2023 ఎండాకాలం. వనపర్తిలో నేను ప్రైవేటు సర్వేయరుగా పని మొదలుపెట్టి అప్పటికి పదకొండేళ్లు. మాది ఆత్మకూరు. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివాను. మొదట్లో నా పనంతా పొలాల్లోనే ఉండేది. అన్నదమ్ముల పంపకాలు, గట్టు జరిపాడని తగాదాలు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు జిల్లా కేంద్రాలయ్యాక నా పని పొలాల్లోంచి వెంచర్లలోకి మారింది. వెంచర్ అంటే పొలం కొని, మధ్యలో రోడ్లు గీసి, ముక్కలు చేసి ఇళ్ల స్థలాలుగా అమ్మే చోటు. పదేళ్ల కిందట వేరుశనగ పండిన చెలకల్లో ఇప్పుడు కమాన్లు నిలబడి ఉన్నాయి. ఆఫీసులొచ్చాయి, ఉద్యోగులొచ్చారు, వాళ్లతోపాటు కిరాయిలూ పెరిగాయి. పాత ఊళ్లో ఒంటి గదుల్లో ఉండే కూలివాళ్లను ఖాళీ చేయించి, ఆ గదులకు టైల్స్ వేసి ఉద్యోగులకు ఇవ్వడం నేను కళ్లారా చూశాను.

అలాంటి ఒక వెంచర్‌లో మాకూ ఒక ప్లాటుంది. మా ఆయన రమేశ్ ప్రభుత్వ బడిలో టీచరు. తోటి టీచర్లంతా కొంటున్నారని మేమూ కొన్నాం. ఇంకా ఇల్లు కట్టలేదు కానీ కాలనీ సంఘంలో సభ్యులం. ఆ సంఘమే ఒక ఆదివారం పొద్దున నన్ను పిలిపించింది.

సంఘం అధ్యక్షుడు జగన్నాథం సార్ రిటైరైన హెడ్మాస్టరు. మూడంతస్తుల ఇల్లు ఆయనది. వరండాలో పదిమంది దాకా కూర్చున్నారు. విషయం ఏమిటంటే, మా వెంచర్ వెనక కొంత సర్కారు జాగ ఉంది. అక్కడ నలభై కుటుంబాలకు ఇళ్ల పట్టాలిచ్చారు. అందరూ కూలివాళ్లు, తాపీ మేస్త్రీలు. కొందరు పునాదులు తవ్వడం మొదలుపెట్టారు.

"వాళ్లకు ఇండ్లు రావొద్దని ఎవరంటుండ్రమ్మా? రావాలె. గని ఇక్కడెందుకు? ఊరవతల గుట్టల కాడ బోలెడంత జాగుంది గద," అన్నారు జగన్నాథం సార్.

"రేపు మన ప్లాటు అమ్ముదామంటే ఎవడొస్తడు? వెనక గుడిసెలు కనబడంగనే బండి తిప్పుకోని పోతడు," అన్నాడు పక్కన కూర్చున్న ఎరువుల దుకాణం ఆయన.

ఆ వెనక జాగ మా వెంచర్ ఓపెన్ స్పేస్ అని నక్ష గీసి ఇవ్వమన్నారు. ఓపెన్ స్పేస్ అంటే ప్రతి వెంచర్‌లోనూ పార్కు కోసం అమ్మకుండా వదిలి, మున్సిపాలిటీకి అప్పగించాల్సిన స్థలం. మా కాలనీలో పార్కు పేరుతో ఉన్నది ఒక ఊయల, రెండు సిమెంటు బల్లలు పట్టే మూల మాత్రమే. అంత చిన్నదేమిటని అందరికీ ఎప్పటినుంచో అనుమానం. మిగతా పార్కు ఆ వెనక జాగేనని సంఘం వాదన.

దాచకుండా చెబుతాను. ఆ రోజు నాకు కోపం రాలేదు. వాళ్ల మాట నిజమైతే బాగుండునని కూడా అనిపించింది. మా ప్లాటు రేటు నాకూ గుర్తొచ్చింది. సరే, కొలుస్తానని చెప్పి వచ్చాను.

మర్నాడు పొద్దున్నే డీజీపీఎస్ తీసుకుని వెనక జాగలోకి వెళ్లాను. ఉపగ్రహాల సంకేతాలతో నేల మీద బిందువులను అంగుళం తేడా రాకుండా పట్టే పరికరం అది. వెళ్లడానికి కాలనీలోంచి దారి లేదు. మా రోడ్డు చివర ఎనిమిది అడుగుల గోడ ఉంది. కాలువ గట్టు మీదుగా కిలోమీటరున్నర చుట్టి వెళ్లాను. స్టాండు నిలబెడుతుంటే ఒకావిడ పునాది గుంతలోంచి పైకి వచ్చింది. నలభై ఐదేళ్లుంటాయి. చేతిలో పార. ఆవిడ పేరు దీనమ్మ అని తర్వాత తెలిసింది.

"ఎవల తరఫున ఒచ్చినవ్ మేడం?" అని అడిగింది.

"కాలనీ సంఘం తరఫున."

"గట్లనా. కొలువు మరి. మా పట్టా గూడ సూస్తవా?"

ప్లాస్టిక్ కవరులోంచి పట్టా తీసి, చేతులకు మట్టి ఉందని అంచులు పట్టుకుని చూపించింది. కాగితం సరిగానే ఉంది. ఇటుకలు ఎలా తెచ్చుకుంటారని అడిగాను.

"గదే పరేషాన్. ట్రాక్టర్ కాలువ కట్ట మీదికి రాదు. గాడ దింపుతరు. గాడికెల్లి నెత్తి మీద మోసుకొస్తున్నం. రోడ్డు గోడవతలనే ఉంది. గోడ కట్టింది మా ఆయననే."

నాకు అర్థం కాక ఆవిడ వైపు చూశాను.

"మా ఆయన బాలస్వామి మేస్త్రి. రెండేండ్ల కింద మీ సంఘం పెద్దసారే కూలికి పిలిచిండు. పోయినం. గోడ ఎందుకు కడుతున్నరని మేం అడుగుతమా? అప్పటికి మాకు ఈడ పట్టా ఒస్తదని తెల్వదు. ఆ సార్ ఇంటికి మూడో అంతస్తు దాక ఇటుకలు మోసింది గూడ నేనే. ఇప్పుడు మేం ఈడికొస్తే దొంగతనాలైతయని అంటున్నరంట. ఆ ఇంట్ల ఎన్ని తలుపులున్నయో, ఏ తలుపుకు గడియ సరిగ పడదో ఆ సార్ కన్న నాకే ఎక్కువ తెలుసు. దొంగతనం చేసేటోళ్లమైతే అప్పుడే చేయకపోదుమా?"

ఆవిడ గొంతు పెంచలేదు. మళ్లీ గుంతలోకి దిగి తవ్వడం మొదలుపెట్టింది. నేను తల వంచుకుని పరికరం సరిచేసుకున్నాను. మధ్యాహ్నం దాకా బిందువులన్నీ తీసుకుని వచ్చేశాను.

హద్దు తేల్చాలంటే నేల మీది కొలత ఒక్కటే చాలదు, కాగితం కావాలి. ఆ సర్వే నంబరు టిప్పన్, అంటే నిజాం కాలం నుంచి ఉన్న హద్దుల చిత్తు నక్ష, తెప్పించాను. మా వెంచర్‌కు మంజూరైన లేఅవుట్ నకలు కోసం దరఖాస్తు పెట్టాను. లేఅవుట్ అంటే రోడ్లెక్కడ, ప్లాట్లెక్కడ, పార్కెక్కడ అని అధికారులు ఆమోదించి ముద్ర వేసిన నక్ష. వారానికి నకలు చేతికొచ్చింది. కంప్యూటర్‌లో నా కొలతలతో కలిపి మూడింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాను.

వెనక జాగకూ మా వెంచర్‌కూ ఏ సంబంధమూ లేదు. అది వేరే సర్వే నంబరు, సర్కారుదే. మా ఓపెన్ స్పేస్ కాలనీ నడిబొడ్డునే ఉంది. దాంట్లో ముప్పావు వంతును మా డెవలపర్ మూడు ప్లాట్లు చేసి అమ్మేశాడు. ఆ మూడింటిలో ఒక దాని మీద నిలబడి ఉన్నది జగన్నాథం సార్ మూడంతస్తుల ఇల్లు. పార్కును మింగి కట్టిన ఇంటి వరండాలో కూర్చుని, మా పార్కు పేదవాళ్లు ఆక్రమించారని నాతో చెప్పారన్నమాట.

ఇంకో సంగతి. మా రోడ్డు మంజూరు నక్షలో ముప్పై అడుగులు. అది గోడ దగ్గర ఆగదు. నేరుగా సర్కారు జాగ హద్దు దాకా పోతుంది. అంటే ఆ గోడ ప్రజల రోడ్డు మీద కట్టింది. పైగా డెవలపర్ ఆ రోడ్డును ఇరవై ఒక్క అడుగులకు కుదించి ప్లాట్లు పొడుగు చేశాడు. అలా రోడ్డులోకి తొమ్మిది అడుగులు జరిగిన ప్లాట్లలో మాదీ ఉంది. రోజూ ఎవరెవరి హద్దులో తేల్చే నేను, నా సొంత ప్లాటు కొనేటప్పుడు డెవలపర్ ఇచ్చిన రంగుల కాగితం చూసి సంతకం పెట్టాను. అందరూ కొంటున్నారనే ధైర్యం. నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

సాయంత్రం రమేశ్‌కు నక్ష చూపించాను. చాలాసేపు చూసి, "నువ్వు చెప్పకుంటే ఎవరికి తెలుస్తది?" అన్నాడు.

"ఎవరికీ తెల్వదు. ఆ నలభై కుటుంబాలు మాత్రం ఇటుకలు మోసుకుంటనే ఉంటయి."

కాగితం మడిచి నా చేతికిచ్చాడు. "పోయిన తొమ్మిది అడుగులు ఎట్లయినా మనవి కావు గద. రాసియ్యి," అన్నాడు.

రిపోర్టు తీసుకుని జగన్నాథం సార్ దగ్గరికి వెళ్లాను. కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు. లెక్కలు చెప్పిన మనిషి, నక్ష అర్థం చేసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. మొహంలో రంగు మారింది కానీ మాట మెత్తగానే వచ్చింది.

"ఇదంతా ఎందుకమ్మా? వెనక హద్దు గీత ఒక్కటి గీసియ్యి. మిగిలింది చూపియ్యకు."

"ఆ గీత ఒక్కటి గీసినా ఆ జాగ మనది కాదు సార్."

"నువ్వు గూడ మన కాలనీ మనిషివే గద. నీ ప్లాటు గూడ పోతది, చూస్కున్నవా?"

"చూస్కున్న సార్. మొదట రాసింది దాని గురించే."

"వాళ్లంటే నీకెందుకమ్మా అంత?" అన్నారు ఆయన, నిజంగా అర్థం కానట్టు.

ఆ ప్రశ్నకు నాకొచ్చినంత కోపం నా పదకొండేళ్ల పనిలో ఎప్పుడూ రాలేదు. వాళ్లు పొద్దున ఆరింటికల్లా మన గిన్నెలు తోమడానికి రావాలి, గోడ కట్టాలి, ఇటుకలు మోయాలి. సాయంత్రమయ్యేసరికి మాత్రం మన కళ్లకు కనబడనంత దూరం పోయి పడుకోవాలి. వాళ్ల దగ్గర సర్కారు ముద్ర ఉన్న పట్టా ఉంది. ఆయన దగ్గర ఉన్నది పార్కు మీద రాయించుకున్న కాగితం. అయినా ఆక్రమణదారులన్న మాట వాళ్లకే అంటుకుంది. ఇదంతా ఆయనతో అనలేదు. "నేను కొలిచింది కొలిచినట్టే రాస్త సార్," అని మాత్రం చెప్పి లేచాను.

సంఘం ఊరుకోలేదు. ఇంకొకరితో తమకు కావాల్సిన గీత గీయించుకుని అభ్యంతరం పెట్టింది. వెనక పనులు ఆపమని రెవెన్యూ వాళ్ల నుంచి మౌఖికంగా ఆదేశమొచ్చింది. తవ్విన గుంతల్లో వానాకాలం నీళ్లు నిండాయి. నేను నా రిపోర్టును, మంజూరు నక్షను జతచేసి, అదే కాలనీ ప్లాటు యజమానిగా మున్సిపాలిటీకీ రెవెన్యూ వాళ్లకూ రాశాను. మొదటి కాగితానికి జవాబు రాలేదు. రెండోదానికి దీనమ్మ, మరో పన్నెండుమంది వేలిముద్రలూ సంతకాలూ పెట్టారు. జాయింట్ ఇన్‌స్పెక్షన్, అంటే రెండు శాఖల వాళ్లూ కలిసి వచ్చి చూడటం, చివరికి దసరా దాటాక జరిగింది.

ఆ రోజు రోడ్డు మీద కాలనీ వాళ్లు ఒక పక్క, వెనక జాగ వాళ్లు ఒక పక్క. ప్రభుత్వ సర్వేయరు కుర్రవాడు కాదు, తల నెరసినవాడు. ఎక్కడ మొదలుపెడదామని అడిగాడు. మా ప్లాటు నుంచి మొదలుపెట్టమన్నాను. మొదటి హద్దు రాయి మా ప్లాటులోనే, తొమ్మిది అడుగులు లోపలికి పాతారు. ఎరువుల దుకాణం ఆయన నా దగ్గరికొచ్చి, "నీ ప్లాటు పోతే పోయింది, మావి గూడ ముంచినవ్ గదమ్మా," అన్నాడు. ఆయన బాధ అబద్ధం కాదు. ఆయననూ డెవలపరే మోసం చేశాడు. కానీ ఆయన కోపం డెవలపర్ మీదికి ఒక్కరోజూ పోలేదు. ఆ డెవలపర్ గద్వాలలో ఇంకో వెంచర్ మొదలుపెట్టాడని అందరికీ తెలుసు. ఒక్కరూ వెళ్లి అడగలేదు.

మరో రెండు నెలలకు మున్సిపాలిటీ వాళ్లు గోడ కూల్చారు. కూల్చడానికి కూలికి పిలిచింది మళ్లీ బాలస్వామినే. రోడ్డు తెరిచారు. పట్టాల మీద అభ్యంతరం కొట్టేశారు. జగన్నాథం సార్ ఇంటికి నోటీసు వెళ్లింది. ఆయన కోర్టు నుంచి స్టే తెచ్చుకున్నారు. ఆ ఇల్లు ఈనాటికీ అక్కడే ఉంది. పేదవాడి పునాదిని ఆపడానికి ఒక నోటిమాట చాలింది. పార్కు మీది మూడంతస్తులను కదిలించడానికి ఇన్నేళ్లూ చాలడం లేదు. ఈ రెండూ ఒకే ఊళ్లో, ఒకే రోడ్డు మీద జరిగాయి.

కాలనీ వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశారు. మా ప్లాటులో మిగిలిన ముక్కలో ఇల్లు కట్టుకోవచ్చు, ఇరుకుగా. దీనమ్మ ఇంటికి పోయినేడు స్లాబు పడింది. ఆ రోజు వెళితే చాయ్ ఇచ్చింది. థాంక్స్ లాంటివేమీ చెప్పలేదు. "రోడ్డయితే ఒచ్చింది మేడం. గని మలుపు కాడ ఆ దుకాణపాయన ర్యాంపు అడ్డమున్నది. ట్రాక్టర్ తిరుగుతలేదు. జర అది గూడ కొలుస్తవా?" అంది. కొలిచాను. అదీ రోడ్డు మీదే ఉంది.

ఈ కేసు తర్వాత నా పని పద్ధతి మార్చుకున్నాను. పిలిచినవాళ్ల హద్దు ఒక్కటే కొలవను. అవతలివాళ్లకు చెప్పకుండా, మంజూరు నక్ష చేతిలో లేకుండా పరికరం బయటికి తీయను. రేటు పడిపోతుందన్న మాట వినబడితే, ఆ మాటన్న మనిషి కాళ్ల కిందున్న నేల ఎవరిదో ముందు చూస్తాను. మొన్న నాగర్‌కర్నూలు నుంచి ఒకాయన ఫోన్ చేసి తన వెంచర్ పేరు చెప్పాడు.

"మేడం, మా వెంచర్ పక్కన గరీబోళ్ల ఇండ్లు ఒస్తున్నయంట. జర మా హద్దు గట్టిగ చూడాలె."

"చూద్దామన్నా. ముందు మీ ఓపెన్ స్పేస్ కొలుద్దాం. తర్వాత వాళ్ల హద్దుకు పోదాం."

తర్వాత చేస్తానని పెట్టేశాడు, మళ్లీ చేయలేదు. మరుసటి రోజు ఆ వెంచర్ మంజూరు నక్ష నకలు కోసం నేనే దరఖాస్తు పెట్టాను.