ఆపు అన్న చెయ్యి

మొదటిరోజు ఆ హాల్లో అడుగు పెట్టగానే ఉస్తాద్ నన్ను కాదు, నా వెనక్కి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"పిల్లాణ్ణి దింపడానికి వచ్చావా?" అన్నాడు హిందీలో.

"లేదు సార్. నన్ను నేనే దింపుకోడానికి వచ్చాను."

ఆయన నవ్వలేదు. నవ్వని మనిషి దొరికితే నాకు పండగ. నా పొట్ట కేసి ఓసారి చూసి, "వయసెంత?" అన్నాడు.

"ముప్పై ఆరు."

"పొద్దున్నే నడిస్తే మంచిది. ఎదురుగానే పార్కుంది."

"నడిచే వచ్చాను సార్. సైకిలు పంచరైంది."

అలా చేరాను. చేర్చుకున్నాడని అనలేను గానీ, వెళ్ళమంటే వెళ్ళలేదు, అంతే.

భిలాయి టౌన్‌షిప్‌లో సెక్టారు మార్కెట్టు వెనక, ఒకప్పుడు పెద్దాఫీసర్లు పేకాడుకున్న హాలది. కొబ్బరిపీచు పరుపులు పక్కపక్కన పేర్చి, పైన టార్పాలిన్ బిగించి కట్టేవారు. దాన్ని అందరూ గద్దా అనేవారు. ఉస్తాద్ సైన్యంలో చేసి దిగిపోయిన మనిషి. సొంతూళ్ళో కుస్తీ, సైన్యంలో జూడో, మధ్యలో ఎక్కడో గుద్దులూ నేర్చుకున్నాడట. ఇక్కడ నేర్పేది ఏదని అడిగితే "లడాయి" అనేవాడు. ఇప్పుడు ఆ కలగూరగంపకి పెద్ద పేరుంది, టీవీలో వస్తుంది. మాకప్పుడు పేరు తెలీదు, నడుం నొప్పి మాత్రం తెలుసు.

ఎందుకు చేరావని ఎంతమంది అడిగారో! ఎవడి మీదా పగ లేదు, ఎవణ్ణీ కొట్టాలని లేదు. నేను ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టరు కింద రిగ్గర్ని. క్రేను కొక్కేనికి బరువులు కట్టి, కింద నిలబడి చేత్తో సైగ చేస్తే, పైన కేబిన్లో కూర్చున్న ఆపరేటరు ఎత్తుతాడు, దించుతాడు, ఆపుతాడు. ఎనిమిదో తరగతితోనే బడికి దండం పెట్టేసినవాడికి అన్ని టన్నులు ఎత్తే ఉద్యోగం ఇంకెవరిస్తారు? ఒకరోజు మొదటి షిఫ్టు దిగి ఇంటికెళ్తూ, ఆ హాలు కిటికీలోంచి చూశాను. ఒక పెద్ద శరీరం గాల్లోకి లేచి దబ్బుమని పడింది. మా పనిలో పడినది లేవదు. ఇక్కడ పడినవాడు లేచి, పైజామా దులుపుకుని, "ఇంకోసారి" అన్నాడు. ఆ మాట నాక్కూడా అనాలనిపించింది. కారణం అంతే. నమ్మితే నమ్మండి.

ఛత్తీస్‌గఢ్ విడిపోయి అప్పటికి రెండేళ్ళు కూడా కాలేదు. అంతకుముందు మధ్యప్రదేశ్ టీములో భిలాయి పిల్లలకి చోటు దొరకడం గగనం. ఇక కొత్త రాష్ట్రానికి సొంత టీము కావాలి కదా, కుర్రాళ్ళంతా గద్దా మీదకి ఎగబడ్డారు. ఉస్తాద్‌కి వాళ్ళు కావాలి. నాలాంటి వాడు పరుపు అరగదీయడానికి తప్ప ఎందుకూ పనికిరాడు.

"సార్, రాష్ట్రానికి రెండేళ్ళు లేకపోయినా అసెంబ్లీ ఇచ్చారు. నాకు ముప్పై ఆరున్నాయి, ఒక మూల ఇవ్వలేరా?" అన్నాను.

మూల ఇచ్చాడు. అక్కడ దొర్లాను. ముందుకి దొర్లడం, వెనక్కి దొర్లడం, పడేటప్పుడు చెయ్యి చాచి పరుపుని కొట్టడం. కొన్ని వారాలపాటు నేను నేర్చుకున్న విద్య పడడం ఒక్కటే. ఇంటికెళ్తే మా ఆవిడ తలుపు దగ్గరే వాసన చూసి, "ఇదేటండీ, కంబళి తడిసినట్టుంది!" అని దూరంగా జరిగేది. ఆమె చరోదా రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది. తెలుగు మాట్లాడుతుంది గానీ, కోపం వస్తే హిందీలోకి దిగిపోతుంది. ఆ రోజుల్లో మా ఇంట్లో హిందీ బాగా వినిపించేది.

ఆమె అన్నయ్య, అంటే మా బావ, ప్లాంటులో పర్మనెంటు. చర్చి సంఘంలో పెద్ద కూడా. ఆదివారం ఆరాధన అయ్యాక, భిలాయి-3లో మా అద్దె ఇంటికి భోజనానికి వచ్చి, మాంసం ముక్క కొరుకుతూ మొదలెట్టాడు.

"బావా, నలుగురూ ఏటనుకుంటన్నారో తెలుసా? ఈ వయసులో గోచీ కట్టుకుని మగోళ్ళతో మట్టిలో దొర్లడమేటి?"

"గోచీ కాదు బావా, పైజామా. మట్టి కాదు, టార్పాలిన్. నీకు గోచీ కావాలంటే చెప్పు, ఉస్తాద్‌ని అడిగి తెస్తాను."

మా ఆవిడ దగ్గు తెచ్చుకుని వంటింట్లోకి పరుగెత్తింది. బావకి మాత్రం చాలాసేపు ముక్క గొంతు దిగలేదు.

గద్దా మీద అందరికన్నా గట్టివాడు ఒక పాలవాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. భిలాయి-3 అవతలి పల్లెలో గేదెలున్నాయి వాళ్ళకి, పొద్దున్నే సైకిలుకి క్యాన్లు కట్టుకుని సెక్టార్లన్నీ తిరుగుతాడు. పుట్టినప్పటినుంచీ పాలు పితికిన చేతులు. వాటిలో ఒకసారి మన మణికట్టు చిక్కిందంటే ఇంక దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. నన్ను ‘కకా’ అనేవాడు, వాళ్ళ భాషలో బాబాయి. "కకా, మెల్లగా పడతాను" అని నా మీదే పడేవాడు.

వానాకాలంలో ఒక సాయంత్రం ఉస్తాద్ మెడపట్టు నేర్పాడు. వెనకనుంచి ఒక చెయ్యి గొంతు కింద దూర్చి, రెండో చేత్తో బిగించడం. ఊపిరికన్నా ముందు తలకెళ్ళే రక్తం ఆగుతుంది. పట్టులో చిక్కినవాడు ఓడిపోయానని చెప్పాలంటే, పరుపునో అవతలివాడి చేతినో టపటపా తట్టాలి. తట్టగానే వదిలెయ్యాలి. ఇది అందరికీ మొదటిరోజే చెప్పే పాఠం. నాకూ చెప్పారు. పరీక్ష పెడితే నూటికి నూరొచ్చేవి.

పాలవాడు వెనకనుంచి పట్టాడు. గొంతు బిగిసింది, చెవుల్లో హోరు. నా చెయ్యి లేచింది. చాచి, అరచేయి నేలకి చూపించి, అడ్డంగా ఇటూ అటూ ఊపాను.

ఏ రిగ్గర్ని అడిగినా చెప్తాడు, అది "ఆపు" అన్న సైగ. పదిహేనేళ్ళుగా ఆ చెయ్యి అలా ఊపితే ఎంత బరువైనా గాల్లో టక్కున ఆగిపోయింది. పాలవాడు మాత్రం ఆగలేదు. కకా ఎక్కడో పట్టు వెతుక్కుంటున్నాడనుకుని ఇంకా బిగించాడు. నేనింకా ఊపాను. ఆపరేటరు నిద్రపోతున్నాడా అని కోపం కూడా వచ్చినట్టు గుర్తు. తర్వాత ఏమీ గుర్తు లేదు.

కళ్ళు తెరిచేసరికి నా కాళ్ళు ఎవరో ఎత్తి పట్టుకున్నారు. పాలవాడి మొహం పాలిపోయి ఉంది. "కా హోగే కకా? కా హోగే?" ఏమైంది, ఏమైంది అని అదే మాట అంటున్నాడు.

"ఏం కాలేదు. నీ చేతి పాలు తాగితే నిద్ర బాగా పడుతుంది," అన్నాను. గొంతు కప్పలా వచ్చింది.

ఉస్తాద్ నవ్వలేదు సరికదా, నా చెప్పులు తెచ్చి నా ముందు పెట్టాడు. "తట్టడం రానివాడు నా గద్దా మీద చస్తాడు. రేపటినుంచి రాకు."

"సార్, నేను ఆపమన్నాను..."

"తట్టడం వచ్చినరోజు రా. రాకపోతే పార్కు ఉంది."

ఆ మెడ నొప్పి రెండోరోజుకే పోయింది. చెప్పులు తెచ్చి పెట్టాడే, అది పోలేదు. ఆ హాల్లో నేను అందరికన్నా చేతకానివాణ్ణి, ఆ సంగతి నాకు తెలుసు. అయినా రోజంతా నా సైగతో ఇనుము తిప్పి, సాయంత్రం నన్ను నేను కింద పడేసుకుని లేచే చోటు అదొక్కటే. దాన్ని వదులుకునే ఉద్దేశం నాకు లేదు.

మా ఆవిడకి చెప్పాను. దాచితే పాలవాడే చెప్పేస్తాడు, మా ఇంటికీ పాలు పోసేది అతనే. ఆమె హిందీలో తిట్టడం పూర్తి చేసి, తెలుగులోకి వచ్చి, "ఆ తట్టడమేదో నేను నేర్పుతాను, కూర్చోండి," అంది.

ఆ తర్వాత నా మెడకి నిమ్మళం లేదు. కూర తరుగుతుంటే పట్టేది. బూట్లు విప్పుతుంటే పట్టేది. "తట్టండి! చెయ్యి ఊపుతారేటి, తట్టండి!" అని అరుపు. పక్క వాటాలో దీదీ గోడ మీంచి తొంగి చూసి, "ఏంటి భాభీ, మళ్ళీ గొడవా?" అంది. "లేదు దీదీ, ఈయన హోంవర్కు," అంది మా ఆవిడ, నా గొంతు వదలకుండానే. నిజం చెప్పాలంటే ఆమె పట్టు పాలవాడికన్నా శుభ్రంగా ఉండేది.

నేర్చుకున్నాను. మెడ మీద చెయ్యి పడగానే నా చెయ్యి తొడ మీద టపటపా కొట్టేది. గెలిచాననుకున్నాను.

తర్వాతి వారం ప్లాంటులో మా షెడ్డులో ఖాళీ తొట్టె ఒకటి దించుతున్నాం. అది కొద్దిగా ఊగింది. పెద్ద ప్రమాదమేమీ కాదు, ఆపమని సైగ చెయ్యాలి, అంతే. నా చెయ్యి లేవలేదు. వెళ్ళి తొడ మీద టపటపా కొట్టింది.

పైన ఆపరేటరు మా శ్రీకాకుళం వాడే, కళ్ళున్నవాడు. తనే ఆపేశాడు. కేబిన్లోంచి తల బయటపెట్టి, "ఏటి గురూ, భజన చేస్తన్నావా?" అని అరిచాడు. కింద అందరూ నవ్వారు. మామూలుగా అయితే ఆ నవ్వుకి ఇంకో నవ్వు కలిపేవాణ్ణి. ఆ పూట నా చూపు తొట్టె వైపే పోయింది. ఆ తొట్టెకి కాస్త దూరంలో ఇద్దరు వంగి పని చేసుకుంటున్నారు. తల ఎత్తి కూడా చూడలేదు వాళ్ళు. నా చెయ్యి చూసుకుంటుందిలే అని.

షిఫ్టు దిగి ఇంటికి కాదు, నేరుగా హాలుకి వెళ్ళాను. చెప్పులు గుమ్మంలో విడిచి గద్దా అంచున నిలబడ్డాను.

"వచ్చిందా తట్టడం?" అన్నాడు ఉస్తాద్.

"వచ్చింది సార్. వదిలేశాను కూడా. ఇంక తట్టను."

చెయ్యి ఎత్తి చూపించాను.

"ప్లాంటులో ఈ చేతి కింద మనుషులుంటారు. దీనికి ఆపమని చెప్పడం ఒక్క విధంగానే తెలియాలి. రెండు విధాలు నేర్పితే ఏ రోజు ఏది చేస్తుందో నాకే తెలీదు. నా చెయ్యి మారదు. మీ గద్దానే నా సైగ నేర్చుకోవాలి."

"ఒక్క ముసలాడి కోసం హాలంతా రూలు మార్చుకోవాలా?" ఆయన గొంతు లేచింది. "తట్టడమన్నది ప్రపంచమంతా ఒక్కటే!"

"మా క్రేనుకీ ప్రపంచమంతా ఒక్కటే సార్. దాన్ని తట్టి చూడండి, ఆగుతుందేమో."

ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. ఆయన వాళ్ళ వైపు చూశాడు, ఆగిపోయారు.

"రేపు పోటీకి వెళ్తే రిఫరీకి నీ సైగ ఎలా తెలుస్తుంది?"

"నన్ను పోటీకి ఎవరు తీసుకెళ్తున్నారు సార్? మీరా?"

ఈసారి నవ్వు ఆగలేదు. ఉస్తాద్ మొహం ఎర్రబడింది. బయటికి నడవమంటాడనుకున్నాను. నడవకూడదని కాళ్ళు బిగించి నిలబడ్డాను. మోసుకెళ్ళాలంటే నలుగురు కావాలి, ఆ పొట్ట దేనికైనా పనికి రావాలి కదా.

అప్పుడు పాలవాడు లేచాడు. "సార్, నేను నేర్చుకుంటాను. కకా కళ్ళు తేలేసిన మర్నాడు నా చేతులు వణికి గేదె తన్నింది. ఆ సైగేదో నాకు ముందే తెలిసుంటే వదిలేసేవాణ్ణి."

వెనకనుంచి ఇంకో కుర్రాడు, "మా నాన్న క్రేను నడుపుతాడు, నాకు తెలుసు ఆ సైగ," అన్నాడు. "మాకూ తెలుసు," అన్నారు ఇంకెవరో. ప్లాంటు ఊళ్ళో పిల్లలు మరి. ఆ రోజు వీళ్ళంతా ఎవరి పట్టులో వాళ్ళున్నారు, నా మెడ పట్టినవాడొక్కడే పల్లెనుంచి వచ్చినవాడు.

ఉస్తాద్ పరుపు మధ్యకి వేలు చూపించాడు. కూర్చున్నాను. పాలవాడు వెనక చేరాడు.

"పట్టు."

బిగిసింది. చెయ్యి చాచి ఊపాను. వెంటనే వదిలాడు.

"మళ్ళీ. బోర్లా పడుకోబెట్టి పట్టు."

ఊపాను. వదిలాడు.

"రెండు చేతులూ చిక్కిపోతే?" అన్నాడు ఉస్తాద్ నా మీదకి వంగి.

"మా దగ్గర చేతులు ఖాళీ లేకపోతే విజిల్ ఊదుతాం సార్."

"నీకు విజిల్ ఎందుకు? నీ నోరు ఎప్పుడు మూతపడింది గనక!"

ఆయన వేసిన మొదటి జోకు అది. హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను, ఆయన మాత్రం నవ్వలేదు. అందరినీ వరసగా కూర్చోబెట్టి ఆ సైగ ఒక్కొక్కరి చేతా చేయించాడు. కకాతో పట్టేవాడు ఇది చూసి వదలాలి, వదలనివాడు నా హాల్లో ఉండడు అన్నాడు. "ఈయన ఒక్కడికే," అని గట్టిగా చెప్పాడు. "మిగతావాళ్ళు తట్టాల్సిందే."

"సరే సార్," అన్నాను. అంతకన్నా ఎక్కువ మాట్లాడితే మొదటికే మోసం వచ్చేలా ఉంది.

పాలవాడు నన్ను వరసగా ఓడించాడు. మెడ పట్టి, చెయ్యి విరిచి, ఒకసారి ఊరికే నా మీద కూర్చుని. ఊపాను, వదిలాడు. మళ్ళీ పట్టాడు, మళ్ళీ ఊపాను. పైజామా చిరిగింది, మోచేతి తోలు లేచింది. ఉస్తాద్ గోడ గడియారం చూసి, చప్పట్లు కొట్టి, "టైమైపోయింది, గద్దా ఎత్తండి," అన్నాడు. కుర్రాళ్ళు ఒక చివరనుంచి టార్పాలిన్ విప్పడం మొదలెట్టారు.

నేను పరుపు మధ్యనుంచి లేవలేదు. పాలవాడి వైపు వీపు తిప్పి కూర్చున్నాను.

"ఇంకోసారి," అన్నాను.