వణికిందెవరు?

పందొమ్మిదివందల డెబ్భైల్లో అంబాజీపేట కొబ్బరి షావుకారుగారి కారు నడిపిన డ్రైవరుగారు చెప్పులు విప్పితేగాని బండెక్కేవారు కాదు. బ్రేకు సంగతి అరికాలికే తెలుస్తుందనేవారు. కారు పైఊరినుంచి రాగానే, చక్రాలు వేడిగా ఉండగానే, కాలవలోకి దింపి కడిగించడం షావుకారుగారి దర్జా.

ఓనాడు డ్రైవరుగారు అన్నారు: "బ్రేకు తొక్కితే పెడలు వణుకుతోందండీ. చక్రాల్లో బ్రేకు డ్రమ్ములు విప్పించి చూద్దామండీ."

"వణికేది నీ కాలోయ్. ముసలాడివైపోయేవు," అన్నారు షావుకారుగారు, అరుగుమీద వాళ్లంతా నవ్వేలా. ఆ వారమే పనిలోంచి తీసేశారు. కాలు వణికేవాడని పేరు పడ్డాక మరో కారు ఎవరిస్తారు?

కొత్త డ్రైవరు కాలికిందా పెడలు వణికింది. రాజమండ్రి షెడ్డులో విప్పించారు. వేడిమీద చన్నీళ్లు పడి డ్రమ్ము వంకరపోయిందన్నాడు మేస్త్రీ. డ్రమ్ము మార్చి ఊరుకున్నారు. ముసలాయనకి కబురంపిన పెద్దమనిషి ఒక్కడూ లేడు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

షావుకారుగారి కొట్లో గుమస్తాని, నేనే వెళ్లాను. టీకొట్టు బల్లమీద ఉన్నారు.

"తప్పు డ్రమ్ముదేనటండీ. మీ కాలుది కాదు."

"ఆయ్," అని, కుడిపాదం నేలకి అదిమి, చాలాసేపు దానికేసే చూశారు. "ఓసారి చెయ్యేసి చూడండి బాబూ. వణకడం లేదు కదండీ?"

వేసి చూశాను. రాయిలా నిలకడగా ఉంది. అదే చెప్పాను. ఆయన నమ్మలేదు.