అంకె లేకుండా చెప్పమన్న సరోజగారు

ఈ నెల రెండవ శుక్రవారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు, మేముండే ఎడారి దేశపు నగరంలోని అల్ హిలాల్ పేటలో వేరే పని మీద కారు దిగాను. ఉష్ణోగ్రత నలభై ఒక్క డిగ్రీలు; గాలి కదలడం లేదు; తేమ విపరీతంగా ఉంది. చల్లటి కారులో నుండి బయటికి రాగానే కళ్ళద్దాలు తెల్లగా మసకబారాయి. తుడుచుకుని తలెత్తేసరికి ఎదుట మూడంతస్తుల పాత భవనం కనిపించింది. అందులోని పై గది ఇప్పుడు ట్రావెల్ ఆఫీసు. ఒకప్పుడు అక్కడ సరోజగారు కూర్చునేవారు. ఆ మెట్లు దిగుతూ నేను కళ్ళు తుడుచుకునేవాణ్ణి. ఎవరైనా చూస్తే అద్దాల మీది తేమ అని చెప్పడానికి సిద్ధంగా ఉండేవాణ్ణి.

సరోజగారు కౌన్సెలర్. జగిత్యాల దగ్గరి పల్లెలో పుట్టి, హైదరాబాదులో చదివి, ఇక్కడ శుక్రవారాలు తెలుగువారి కోసం కేటాయించారు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. నేను క్వాంటిటీ సర్వేయర్‌ని. ఒక కట్టడానికి ఎంత సిమెంటు, ఎంత ఉక్కు పడుతుందో లెక్కగట్టడం నా వృత్తి. కొలవడానికి వీలుకాని దేనినీ నేను నమ్మలేదు. నా భార్య సుభద్ర ఇక్కడి ఆసుపత్రిలోనే కన్నుమూసింది. ఇక్కడికి గంట దూరంలోని అల్ ఖోర్‌లో ఉపాధ్యాయురాలిగా ఉన్న మా అమ్మాయి వాసంతి చేరేసరికే అంతా అయిపోయింది. ఆ తరువాత ప్రతి శుక్రవారం వచ్చి, "అమ్మ చివర్లో ఎలా ఉంది నాన్నా?" అని అడిగేది. నేను ఆక్సిజన్ శాతం, నాడి వేగం, గంటలు నిమిషాలతో సహా చెప్పేవాణ్ణి. ఒకనాడు తను లేచి నిలబడింది. "నేను అమ్మ గురించి అడిగితే మీరు మిషన్ గురించి చెబుతారు. ఇక అడగను లెండి" అంది. అంతటితో రావడం మానేసింది. ఉన్న ఒక్క బిడ్డా దూరమవుతుందన్న భయమే నన్ను ఆ మెట్లెక్కించింది.

మొదటిరోజు కారును రెండు వీధుల అవతల నిలిపాను. అయినా వరండాలో మా సైటులో ఇనుము కట్టే మల్లేశ్ ఎదురయ్యాడు.

"నమస్తే సార్. మీరు గూడ మేడమ్ కాడికేనా?"

"కాదు. ఏసీ చూసి రమ్మన్నారు."

అరవై ఏళ్ళ వయసులో అంత నాసిరకం అబద్ధం ఆడినందుకు నాకు తల వాలిపోయింది. అతడు మాత్రం నమ్మాడు.

"ఏసీ మంచిగనే ఉంది సార్. గని వచ్చిన్రు గద, మేడమ్‌ను గూడ జూసి పోన్రి. మా అన్న పోయినకాడికెల్లి నాకు నిద్ర మాఫీ, కన్ను మూతవడలే. ఇప్పుడు జర నయం. క్యాంప్‌ల అందరికి చెప్పిన."

మా పనివాళ్ళంతా ఉండే క్యాంప్‌లో అందరికీ చెప్పాడట. నేను గబగబా లోపలికి వెళ్ళిపోయాను.

లోపల కూర్చోకముందే నేను ప్రశ్న వేశాను. "మీ దగ్గరికి వచ్చినవారిలో ఎంత శాతం మందికి నయమైందండీ?"

"మంచిగైనోళ్లు మళ్ల రారు సార్. రానోళ్లను నేనెట్ల లెక్కవెట్టాలె? ముందు కూసోండ్రి. ఎట్లున్నరు?"

"నూట నలభై బై తొంభై."

ఆమె నవ్వారు. "అది మీ బీపీ. అది డాక్టర్ అడుగుతడు. నేను మిమ్ములను అడుగుతున్న."

నాలుగు వారాలు నేను ఆసుపత్రి లెక్కలే చెప్పాను. ఆమె అడ్డుపడకుండా విన్నారు. అయిదవ వారం, "ఇయ్యాల ఒక్క అంకె గూడ లేకుండ చెప్పుండ్రి సార్. ఆఖరికి సుభద్రమ్మ ఏమన్నది?" అని అడిగారు. "ఉదయం పదకొండు..." అని మొదలుపెట్టాను. ఆమె చెయ్యెత్తి ఆపారు. ఆ తరువాత ఎంతసేపటికి చెప్పానో నాకు తెలియదు. నా జీవితంలో నేను గడియారం చూడని సమయం అదే.

"చెయ్యి ఇవ్వండి అంది" అన్నాను.

"ఇచ్చిన్రా?"

"లేదు. తెర మీద అంకెలు చూస్తున్నాను. నేను చూస్తూ ఉంటే అవి పడిపోవనుకున్నాను. ఉండు సుభద్రా, తొంభై దాటింది అన్నాను. మళ్ళీ తన వైపు తిరిగేసరికి..."

ఈసారి అంకె దొర్లినా ఆమె ఆపలేదు. నా తప్పేమీ లేదని కూడా అనలేదు. అని ఉంటే నేను నమ్మేవాణ్ణి కాను. "భయమైంది మీకు" అన్నారు. "భయమైనోడు ఏదో ఒకటి పట్టుకుంటడు. మీరు అంకెలు పట్టుకున్నరు. గిదే బిడ్డకు చెప్పున్రి."

"నన్ను అసహ్యించుకుంటే?"

"అసహ్యమైతే అన్నిసార్లు అడుగునా సార్? కోపానికొస్తదేమో, రానియ్యిండ్రి. జవాబియ్యకుండ కూసోండ్రి."

ఆ సాయంత్రమే అల్ ఖోర్ వెళ్ళి చెప్పాను.

"చెయ్యి ఇవ్వమందా?" అంది వాసంతి.

"అంది."

"మీరు ఇవ్వలేదు."

"ఇవ్వలేదమ్మా."

తను ఏడ్చింది. నన్ను మాటలంది. నేను నేల చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి వంటింట్లోకి వెళ్ళి కూర వేడిచేస్తూ, "తిని వెళ్ళండి. అమ్మ ఇంకేమంది?" అని అడిగింది.

"నర్సు జడ నీ జడకంటే పొడుగంది."

"అబద్ధం. అమ్మ అలా అనదు."

"అంది."

ఏడుపులోనే తనకు నవ్వొచ్చింది. "ఇది ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు నాన్నా?"

ఎందుకంటే దాన్ని కొలవడానికి నా దగ్గర ఏ సాధనమూ లేదు. ఆ మాట కూడా తనతో అనగలిగాను. మరుసటి శుక్రవారం నుండి తను మళ్ళీ రావడం మొదలుపెట్టింది.

సరోజగారు తరువాత కుటుంబంతో స్వదేశం వెళ్ళిపోయారు. మనిషిని ఎలా ఉన్నావని అడిగి, జవాబు వచ్చేదాకా ఆగడం ఆమె నుండి నేర్చుకున్నాను. సైటులో ఎవరైనా దిగులుగా కనిపిస్తే అడుగుతాను, ఆగుతాను, అటువంటివారిని చూసే చోటికి వెళ్ళమంటాను. మేలు జరుగుతుందట, విన్నాను, అంటాను. మల్లేశ్ తన క్యాంప్ అంతటికీ చెప్పుకున్న మాటను మాత్రం ఇప్పటికీ దాటేస్తాను. సరోజగారి గదికి నేను వెళ్ళినది పదకొండుసార్లు. ఇతరులను అటువంటి సహాయానికి పంపినది తొమ్మిదిమందిని. నేనూ వెళ్ళానని ఆ తొమ్మిదిమందిలో నేను చెప్పినది సున్నా మందికి.