మేడమ్ చూసిన పొగ

మా కింది వాటాలో ఉండే మేడమ్ పోయారు. పొద్దున్నే ఆవిడ చెల్లెలు మెట్లెక్కి వచ్చి మా తలుపు కొట్టింది. "అక్క లేవట్లేదమ్మా, ఒకసారి రావా" అంది. చెప్పులు కూడా వేసుకోకుండా దిగాను. మేడమ్ రోజూ పడుకున్నట్టే గోడవైపు తిరిగి పడుకున్నారు. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టరు చెప్పాడు.

"లేవట్లేదు" అన్న మాట వింటే నాకు అంతకుముందు నుంచే వణుకు. మా గేటు ముందు ఒక సాయంత్రం ఆ మాట అన్నది నేనే. అప్పుడు పక్కన మేడమ్ ఉన్నారు. ఆ సంగతి చెప్పకుండా ఆవిడ గురించి ఇంకేం చెప్పినా అర్థం ఉండదు.

మేడమ్ది కృష్ణా జిల్లా. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. చెల్లెలితో కలిసి దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంట్లో కిరాయికి దిగారు. అన్నేళ్లు ఇంజన్లతో గడిపిన మనిషి కదా, ధైర్యస్థురాలు అనుకున్నాం. కాదు. అంత భయస్థురాలిని నేను చూడలేదు. గ్యాస్ కట్టేసి, వాకిలి దాకా వెళ్లి, మళ్లీ వచ్చి చూసుకునేవారు. మెయిన్ రోడ్డు దాటాలంటే పక్కనున్నవాళ్ల చెయ్యి పట్టుకునేవారు. వాళ్లు కోచింగ్ సెంటరుకు పోతున్న ముక్కూమొహం తెలియని పిల్లలైనా సరే. షేర్ ఆటో ఎక్కేముందు వంగి టైర్లు చూసేవారు. నచ్చకపోతే పంపించేసి ఇంకోదాని కోసం నిలబడేవారు. మేం నవ్వితే ఆవిడా నవ్వేవారు. "భయపడేవాళ్ల చేతిలోనేనమ్మా బండి క్షేమంగా ఉండేది" అనేవారు.

మా తమ్ముడు ఆవిడకు పూర్తిగా ఉల్టా. నాగోల్‌లో ఉంటాడు, ప్లాట్లు అమ్మిస్తాడు. చిన్నప్పటి నుంచి కార్ల పిచ్చి. సెకండ్ హ్యాండ్‌లో ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే తలుపులు. ముందు సీటు వంచితే తప్ప వెనక్కి ఎక్కలేం. అది చాలదన్నట్టు ఎల్‌బీ నగర్ అవతల ఒక షెడ్డులో ఇచ్చి ఇంజన్ బలం పెంచే పెద్ద టర్బో వేయించాడు, సైలెన్సర్ మార్పించాడు. వాడు మా గల్లీ మలుపు తిరిగితే మా ఇంట్లో గిన్నెలు అదిరేవి. మా పాపకు ఆ చప్పుడంటే ప్రాణం. మామ బండిలో తిరగడమే దానికి పండగ.

కొన్నాళ్లకు ఆ బండి పొగ వదలడం మొదలుపెట్టింది. షెడ్డువాళ్లు "టర్బో బండి గట్లనే ఉంటది అన్నా" అన్నారట.

ఒక ఆదివారం సాయంత్రం, పొద్దున తన ఇంటికి తీసుకెళ్లిన పాపను దింపడానికి వాడు నాగోల్ నుంచి బయలుదేరాడు. వాన. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో బండ్లన్నీ ఇరుక్కుపోయాయి. అద్దాలు ఎక్కించి, ఏసీ పెట్టుకుని చాలాసేపు అక్కడే ఉన్నాడు. మా గేటు ముందుకు వచ్చేసరికి వాన వెలిసింది. మేడమ్ కూరగాయల సంచీతో అప్పుడే లోపలికి వస్తున్నారు. నేను కిందికి దిగాను.

"లేపకు అక్కా, ఇప్పుడే పండుకున్నది" అన్నాడు తమ్ముడు వెనక సీటు చూపిస్తూ. తర్వాత మేడమ్ వైపు తిరిగి, "మేడమ్, జర గీ పొగ ఏందో చూడరా? పరేషాన్ అయితున్న" అన్నాడు. ఇంజన్ నడుస్తూనే ఉంది.

మేడమ్ సంచీ నా చేతికిచ్చి బండి వెనక వంగారు. తెల్ల చేతిరుమాలు తీసి పొగ గొట్టానికి కాస్త దూరంగా పట్టారు. దాని మీద సన్నగా నూనె చుక్కలు పడ్డాయి. "నీలం పొగ. ఇంజన్ ఆయిల్ కాలిపోతోంది బాబూ. నీ కొత్త టర్బోలో ఆయిల్‌ని ఆపే సీలు పోయి ఉంటుంది. నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువైందని, తెల్లగా వచ్చి ఆగకపోతే నీళ్లు లోపలికి దిగుతున్నాయని. ఇది..."

మాట మధ్యలో ఆగిపోయారు. ఆవిడ చూపు గొట్టం మీద లేదు. డిక్కీ మూత చుట్టూ ఉన్న రబ్బరు మీద ఉంది. వేలితో రాశారు. వేలు నల్లగా అయింది.

"గొట్టం పొట్టి చేయించావా?"

"అవ్ మేడమ్. సౌండ్ మంచిగ ఒస్తదని."

"కింద పొగని శుభ్రం చేసే డబ్బా, కన్వర్టర్?"

"తీసేసిన్రు."

"బండిలో కూర్చుంటే తలనొప్పి వస్తోందా నీకు?"

తమ్ముడు నుదురు రుద్దుకున్నాడు. "ఒస్తున్నది. ఇయ్యాల మస్తు ఒచ్చింది. ట్రాఫిక్‌కేమో అనుకున్న."

మేడమ్ నిటారుగా లేచారు. ఆ ముఖం నేను మరిచిపోలేను. రోడ్డు దాటేటప్పటి భయం కాదది. "ఇంజన్ ఆపు. పాపను బయటికి తియ్. ముందు పాపను తియ్!"

తమ్ముడు సీటు వంచి పాపను లాగి నా చేతుల్లో పెట్టాడు. తల వెనక్కి వాలిపోయింది. పిలిచాను. బుగ్గ తట్టాను. కళ్లు తెరవలేదు. "మేడమ్, లేవట్లేదు, పాప లేవట్లేదు" అని అరిచాను. ఆ గొంతు నాది కాదనిపించింది.

మేడమ్ పాప ముక్కు దగ్గర చెంప పెట్టారు. "ఊపిరి ఉంది. పద, ఆసుపత్రికి. ఈ బండి వద్దు." ఎన్నడూ ఆటో టైర్లు చూడకుండా ఎక్కని మనిషి, వస్తున్న ఆటోకు చేతులు చాపి అడ్డం నిలబడ్డారు. తమ్ముడూ మాతో ఎక్కాడు. దారంతా పాప ముఖానికి గాలి తగిలేలా పట్టుకోమని నాకు చెబుతూనే ఉన్నారు. దవాఖాన మెట్ల మీదే అరిచారు: "కారు పొగ పీల్చింది. కార్బన్ మోనాక్సైడ్. వెంటనే ఆక్సిజన్ పెట్టండి."

మాస్కు పెట్టాక ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. తమ్ముడు గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. వాడికీ మాస్కు పెట్టారు. మేడమ్ పాప కాలి వేళ్లు పట్టుకుని నిలబడే ఉన్నారు. చివరికి పాప మూలిగింది, వాంతి చేసుకుంది, "అమ్మా, తల నొస్తున్నది" అంది. అంతదాకా కళ్లనీళ్లు పెట్టుకోని మేడమ్ అప్పుడు బెంచీ మీద కూలబడి ఏడ్చారు. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది. రెండు రోజులకు పాపను ఇంటికి తెచ్చుకున్నాం.

"నీలం పొగ కనిపించింది కాబట్టి అందరం దాన్నే చూశాం" అన్నారు మేడమ్ తర్వాత. "చంపేదానికి రంగుండదు, వాసనుండదు."

బండిని ఆవిడ వదల్లేదు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గొట్టంలోకి గాలి కొట్టించి, కింద అతుకుల మీద సబ్బు నురగ పోయించారు. ఒక అతుకు దగ్గర బుడగలు వచ్చాయి. అక్కడ కారిన పొగ బండి లోపలికి దూరిన సందు ఎక్కడుందో డిక్కీ రబ్బరు చుట్టూ అగరుబత్తి తిప్పి చూపించారు. మంచి గ్యారేజీలో టర్బో మార్పించి, కన్వర్టర్, కంపెనీ సైలెన్సర్ మళ్లీ పెట్టించేదాకా తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నారు.

అయినా ఆ ఎర్ర బండి గేటు ముందుకు వస్తే నేను పాపను లోపలికి తీసుకెళ్లిపోయేదాన్ని. పాప రాత్రి గాఢంగా నిద్రపోతే లేపి చూసుకునేదాన్ని. అది మేడమ్‌కు తెలుసు. "భయపడొద్దని నేను చెప్పనమ్మాయ్. భయం మంచిదే. కళ్లు మాత్రం మూసుకోకు" అన్నారు. ఆ మాటంటూనే, తమ్ముడు బాగైన బండిని తిప్పి చూపిస్తానంటే తనే ముందు సీట్లో ఎక్కి కూర్చున్నారు. నన్ను వెనక కూర్చోబెట్టారు.

ఎల్‌బీ నగర్ దాటి విజయవాడ హైవే ఎక్కాం. అద్దాలు రెండూ పూర్తిగా దించేయమన్నారు. తలుపు పైన ఉన్న పిడిని రెండు చేతులతో పట్టుకుని, పెదాలు బిగించి కూర్చున్నారు.

"బాబూ, నాకు చాలా భయంగా ఉంది."

"ఆపాల్నా మేడమ్?"

"ఆపమని ఎవరన్నారు? ఇంకొంచెం తొక్కు."

వాడు తొక్కాడు. ఆవిడ ముడి ఊడిపోయింది. నెరిసిన జుట్టంతా గాలికి వెనక్కి ఎగిరి నా ముఖం మీద పడింది. నేను కళ్లు మూసుకోలేదు.