మెట్ల గోడ మీది కుక్క

అమెరికాలో, క్యారీ అనే ఊళ్లో ఇల్లు కొనుక్కున్నాక మెట్ల పక్క గోడ ఒక్కటి నాకు వదిలేశారు. మిగతా ఇల్లంతా మా ఆవిడ ఇష్టం. ఆ గోడకి అయిదు ఫొటోలు ఫ్రేము కట్టించి తగిలించాను. అన్నీ అంతరిక్షయానం మొదలైన తొలిరోజులవి. నాలుగు పొడుగాటి యాంటెన్నాలున్న మొదటి ఉపగ్రహం, ఇరుకు పెట్టెలో కూర్చున్న కుక్క, హెల్మెట్‌లో నవ్వుతున్న మొదటి మనిషి, ఆ తర్వాత వెళ్లిన మొదటి మహిళ, చివర్న చంద్రుడి మీద బూటు ముద్ర. ఎవరింటికెళ్లినా ఆ బూటు ముద్ర ఒక్కటే కనిపిస్తుంది, అంతకుముందు జరిగిందంతా ఉత్తదే అన్నట్టు. నాకది ఒళ్లుమంట.

మా అమ్మాయికి ఏడేళ్లు. తగిలిస్తున్నంతసేపూ వెనకే నిలబడి చూసి, కుక్క దగ్గర ఆగిపోయింది.

"నాన్నా, డాగ్ మళ్లీ వచ్చిందా?"

నా చేతిలో సుత్తి, నోట్లో రెండు మేకులు. ఆ కుక్కని దించే ఏర్పాటే ఎవరూ చెయ్యలేదనీ, పైకి వెళ్లిన కొన్ని గంటల్లోనే వేడికి చచ్చిపోయిందనీ నాకు బాగా తెలుసు. మేకులు తీసి, "ఆఁ, వచ్చింది. పారాచూట్‌లో దిగింది" అన్నాను. అక్కడితో ఆగొచ్చు కదా! దిగాక బిస్కెట్లు పెట్టారని కూడా చెప్పాను.

పిల్ల పొంగిపోయింది. నేను చెప్పిందల్లా నమ్మేది. స్కూల్లో టీచర్ చెప్పిన మాట కూడా ఇంటికొచ్చి నన్నడిగి ఖాయం చేసుకునేది. అది నాకు మహా గర్వం. అందుకే ఆ తర్వాత నిజం చెబుదామనుకున్నప్పుడల్లా వాయిదా వేశాను. ఒక్కటి అబద్ధమని తెలిస్తే ఇక నా మాట నమ్మదేమోనని భయం.

రెండు నెలలకి సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. పక్క వీధిలో ఉండే ఆంటీ ఒకావిడ పొద్దున్నే సాయానికి వచ్చింది. ఆవిడ చేతికి చేమంతి దండలు, కుంకుమ భరిణె దొరికాయంటే ఇంట్లో ఏ పటమూ తప్పించుకోలేదు. నేను వంటింట్లో ప్రసాదానికి రవ్వ వేయిస్తున్నాను. గరిటె పట్టుకునే ఓసారి ఇవతలికి వచ్చి చూద్దును కదా, మెట్ల గోడ మీద కుక్క మెడలో పసుప్పచ్చ దండ. అద్దం మీద బొట్టు. కింది మెట్టు మీద అరటిపండుకి గుచ్చిన అగరొత్తి.

"ఆంటీ, ఏంటిది?"

"మీ కుక్క పోయిందని నాకొక్క ముక్కైనా చెప్పలేదేంటయ్యా?" అంది ఆవిడ, నొచ్చుకున్నట్టుగా. "కళ్లజోడు లేక సరిగ్గా కనబళ్లేదు గానీ, కింద ఇయర్ కూడా వేయించావు. పాపం, నోరులేని జీవి. వ్రతం పూట దాన్ని మర్చిపోతే ఎలా?"

తెలుపూ నలుపూ ఫొటో, ఫ్రేము, కింద సంవత్సరం. ఆవిడ లెక్కలో తప్పేం లేదు. మేం జన్మలో కుక్కని పెంచలేదు. నాకు నవ్వు ఆగలేదు. వెనక్కి తిరిగితే పట్టు పరికిణీలో మా అమ్మాయి నిలబడి ఉంది.

"ఫ్లవర్స్ ఎందుకు నాన్నా? డాగ్ గాడ్ కాదు కదా."

మన ఇళ్లలో ఫొటోకి దండ పడిందంటే అది దేవుడైనా కావాలి, పోయినవాళ్లైనా కావాలి. ఇక్కడి తెలుగువాళ్ల ఇళ్లన్నీ తిరిగిన పిల్ల, దానికా సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు.

"పోయింది కదమ్మా, అందుకని" అనేసింది ఆంటీ.

"ఎప్పుడు? బిస్కెట్స్ తిన్నాకా?"

ఆ తర్వాత చాలా ఏళ్లు బతికి ముసలిదై పోయిందని చెప్పొచ్చు. ఆ అబద్ధం నాలిక చివర సిద్ధంగానే ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

"లేదమ్మా. అది దిగనే లేదు. అక్కడే చచ్చిపోయింది. నేను నీకు అబద్ధం చెప్పాను."

ఆంటీకి ఏమీ అర్థం కాలేదు. రవ్వ మాడుతోందంటూ నా చేతిలో గరిటె లాక్కుని వంటింట్లోకి వెళ్లిపోయింది. పిల్ల మెట్టు మీద కూలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"నెక్స్ట్ మంత్ అత్త పెళ్లికి ఇండియా వెళ్తున్నావు కదా. నువ్వు మళ్లీ వస్తావా?"

అక్కడి అమెరికా కాన్సులేట్‌లో పాస్‌పోర్ట్ మీద వీసా మళ్లీ స్టాంప్ వేయించుకుంటే తప్ప నన్ను తిరిగి రానివ్వరు. అక్కడ ఆపేశారంటే వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. అలా ఇరుక్కుపోయినవాళ్లు మాకు తెలుసు. ఈ మాటలన్నీ నేనూ మా ఆవిడా భోజనాల దగ్గర గొంతు తగ్గించి అనుకునేవాళ్లం, పిల్ల తన మానాన తను తింటోంది కదా అని.

"ఆఁ, వస్తాను" అనడానికి నోరు తెరిచాను. పిల్ల నా మొహంలోకే చూస్తోంది. అంతకుముందెప్పుడూ నన్నలా చూడలేదు.

"వస్తాననే అనుకుంటున్నాను. కానీ ఎప్పుడొస్తానో తెలీదమ్మా."

దాని దగ్గర నేను తెలీదనడం అదే మొదటిసారి.

పిల్ల కాస్త జరిగి పక్కన చోటిచ్చింది. కూర్చున్నాను.

"ఇది నమ్ముతా" అంది.

ఏడుపొచ్చింది నాకే.