గింజల కరుణ

నిన్న పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. నంద్యాల నుంచి అక్క కూతురు.

"చిన్నమ్మా, అమ్మ ఇంగ ల్యాదు" అంది.

నేను "ఏ అమ్మ?" అన్నాను.

ఎంత పిచ్చి ప్రశ్న! నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఉన్న అమ్మ ఆమె ఒక్కతే కదా.

మా అక్క కరుణమ్మ. రిటైర్డ్ టీచర్. నాకంటే ఆరేళ్ళు పెద్దది.

మొన్న ఆదివారం కూడా వీడియో కాల్‌లో నా జుట్టు చూసి "ఇంగ ఆ రంగు మానుకోవే, ఎలుగుబంటి మాదిరి ఉండావ్" అని తిట్టింది. అంత ఆరోగ్యంగా ఉంది.

అసలు ఈ పోస్ట్ పెట్టాలని అనుకోలేదు. ఈ రోజు సమాధి దగ్గర, ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకుంటూ "మా గింజల కరుణ పాయనే" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. పిల్లలు కూడా ఆ ఏడుపులోనే కాస్త నవ్వారు. వాళ్ళు చిన్నప్పటి నుంచి విన్న పేరే.

నాకు నవ్వు రాలేదు.

అందుకే రాస్తున్నా. టైపింగ్ తప్పులుంటే సర్దుకోండి, కళ్ళు సరిగ్గా కనిపించడం లేదు.

అది 1956. ఆళ్లగడ్డలో మా నాయన ఒక చిన్న చర్చి బడిలో అయ్యవారు. సంఘంలో పెద్ద కూడా. అమ్మ రెండేళ్ళ ముందే కాన్పులో పోయింది. ఇంట్లో మేం ముగ్గురమే.

మా వాళ్ళలో ఒక అలవాటు ఉండేది. జొన్నలు విసరబోయే ముందు ప్రతి ఇంట్లో ఆడవాళ్ళు ఒక పిడికెడు గింజలు దేవుడికని పక్కన పెట్టేవాళ్ళు. ఆదివారం అవన్నీ తెచ్చి మా ఇంట్లో ఇస్తే, నాయన ఒక పెద్ద మట్టి బానలో పోసి మూత పెట్టేవాడు. కొన్ని నెలలకోసారి వేలం వేసి, వచ్చింది చర్చికి వాడేవాళ్ళు. బాన మా ఇంట్లోనే ఎందుకంటే, నాయన మీద అంత నమ్మకం.

ఆ ఏడు వానల్లేవు. నాయనకు నెలల తరబడి జీతం రాలేదు. అడిగితే పెట్టే ఇల్లు కూడా లేదు.

నేను ఆకలికి ఏడ్చేదాన్ని. అక్క ఏడ్చేది కాదు. చెంబెడు నీళ్ళు తాగి, ఖాళీ తిరగలి పక్కన ముడుచుకుని కూర్చునేది.

తర్వాత కొన్నాళ్ళు మాకు రోజూ సంకటి దొరికింది. ఎక్కడిదని అడిగే వయసు కాదు నాది.

వేలం రోజు ఆడవాళ్ళంతా వచ్చి బాన మూత తీశారు. సగం కూడా లేదు.

ఎలీసమ్మ పెద్దమ్మ అంటే మా వీధిలో అందరికీ హడల్. ఆమె నాయన వైపు తిరిగి "దేవుని గింజలు యాడికి పాయ అయ్యవారూ?" అంది.

నాయన బానలోకి చూసి, మా ఇద్దరి వైపు చూశాడు.

అక్క ముందుకొచ్చింది.

"నేనే తీసినా పెద్దమ్మా. చెల్లెలు ఏడుస్తాంటే చూడల్యాక సంకటి కెలికినా. నాయనకు తెల్దు."

నాయన అందరి ముందరా అక్క చెంప మీద ఒక్కటి కొట్టాడు. ఆయన మమ్మల్ని కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆ జూన్‌లో అక్క నంద్యాల బోర్డింగ్ స్కూల్లో చేరాల్సింది. పాస్టర్ గారు లెటర్ రాసిస్తేనే సీటు. దేవుడి గింజలు దొంగిలించిన పిల్లకు ఎలా రాస్తారని సంఘంలో గొడవ చేశారు. సీటు పోయింది. పేరు మాత్రం వచ్చింది. నీళ్ళకు పోయినా గింజల కరుణే, చర్చికి పోయినా గింజల కరుణే.

ఆ ఏడాదంతా ఆమె నాకు తల దువ్వి, జడ వేసి, బడికి పంపింది. ఒక్కసారి కూడా "నీ వల్లే" అనలేదు.

నేనే అనుకున్నాను. నేను ఏడవకపోతే అక్క చదువు ఆగేది కాదు కదా అని. పెళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక కూడా ఆ గిల్టీ ఫీలింగ్ పోలేదు.

తర్వాతి ఏడు పాస్టర్ గారి మనసు కరిగింది. అక్క నంద్యాల పోయింది, తనకంటే చిన్నవాళ్ళతో కూర్చుని చదివింది, టీచరైంది.

ఆమె క్లాసులో ఎవరైనా పక్కవాళ్ళ టిఫిన్ తినేస్తే, ఎవరు తిన్నారని అడిగేది కాదు. మరుసటి రోజు నుంచి తనే రెండో బాక్స్ తెచ్చేది. మిగతా టీచర్లు "మీరే పిల్లల్ని పాడు చేస్తున్నారు మేడమ్" అనేవాళ్ళు.

చాలా ఏళ్ళ తర్వాత నాయన ఆఖరి రోజుల్లో ఆయన పక్కన నేనున్నాను. నా చెయ్యి పట్టుకుని చెప్పాడు.

"ఆ గింజలు తీసింది నేనేమ్మా. నేను ఒప్పుకుంటే బడి పోతుండె. మీరేం తిందురు? అది నా మొగం జూసి ముందుకొచ్చ. నేను దాన్నే కొడ్తి."

నాయన చెడ్డవాడు కాదు. ఆకలితో ఉన్న ఇద్దరు ఆడపిల్లల తండ్రి. అయినా నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ కొంచెం ఉంది.

నాయన పోయాక అక్కను అడిగేశాను. కాదనలేదు. తర్వాత "యాడా అనొద్దు. పోయినోని పేరు చెడగొట్టొద్దు" అని నాతో ఒట్టు వేయించుకుంది.

నువ్వున్నన్నాళ్ళూ ఆ ఒట్టు నిలబెట్టాను అక్కా. ఈ రోజు తీసి గట్టున పెడుతున్నా.

పిల్లలూ, మనవలూ, ఆళ్లగడ్డ వాళ్ళూ అందరూ వినండి. మా అక్క దొంగతనం చేయలేదు. పన్నెండేళ్ళప్పుడు తండ్రి తప్పు తన మీద వేసుకుంది. పోయేదాకా దించలేదు.

కోపం వస్తే తిట్టుకో అక్కా. నీ తిట్లు లేకుండా ఎలా బతకాలో నాకు తెలియడం లేదు.

ప్రభువు దగ్గర నెమ్మదిగా, హాయిగా ఉండు.

అక్కడైనా ఎవరి తప్పూ నీ మీద వేసుకోకు.