మొదటి మాట ఎవరిది?

జొహానెస్‌బర్గ్‌లో లేబల్ క్రావిట్స్ కన్నా ముందు నోరు తెరిచినవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఎవరింటికి వెళ్ళినా, ఏ కొట్లో అడుగుపెట్టినా మొదటి మాట ఆయనదే, అదీ తగువే. కళ్ళజోళ్ళ వ్యాపారం మానేశాక ఈ యూదు ముసలాయనకి రోజంతా అదే పని.

ఆ తగువుకి రోజూ బలయ్యేది రుష్దీ. పాలస్తీనా నుంచి వచ్చి ఇక్కడ వేయించిన పప్పుల కొట్టు పెట్టుకున్నవాడు. పొద్దున్నే తలుపు తీయగానే క్రావిట్స్ మొదలెట్టేవాడు.

"మీవాళ్ళు ఒప్పుకుని ఉంటే ఎప్పుడో శాంతి వచ్చేది!"

"మీవాళ్ళు మా ఇళ్ళు మాకు వదిలుంటే అంతకన్నా ముందే వచ్చేది!"

"పిస్తాలో ఉప్పెక్కువైంది!"

"అయితే తినకు! సంచీ ఇలా ఇచ్చెయ్!"

సంచీ మాత్రం ఇచ్చేవాడు కాదు.

రుష్దీ భార్య సమీహాకి ఆ గోల వింటే తలనొప్పి. "అక్కడి యుద్ధం చాలదని ఇక్కడొకటా? మీరిద్దరూ అరుచుకుంటే అక్కడ తుపాకీ ఎవడు దించుతాడు?" అని విసుక్కునేది. ఎవడూ దించలేదు.

మొన్న గాజాలో బాంబు పడి రుష్దీ అక్క వఫీకా పోయింది. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే. కబురు విన్నప్పటినుంచీ రుష్దీ ఏడవలేదు, మాట్లాడలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళకి తల ఊపుతున్నాడు, అంతే. మనిషి ఇలాగే బిగుసుకుపోతాడేమోనని సమీహా భయం.

మర్నాడు పొద్దున్నే క్రావిట్స్ వాళ్ళింటికి వచ్చాడు. సరాసరి వెళ్ళి రుష్దీ పక్కన కూర్చున్నాడు. ఒక ఓదార్పు మాట లేదు, కనీసం అయ్యో అనైనా అనలేదు. చావింటి ఆచారంగా చక్కెర లేని కాఫీ ఇస్తే తాగి, మళ్ళీ నేలచూపులు. మధ్యాహ్నమైంది. అదే వరస.

రుష్దీ పినతండ్రి కొడుకు నబీల్ వంటింట్లోకి దూసుకొచ్చాడు. "చూశావా వదినా, ఎంత పొగరో! చావింటికొచ్చి ఒక్క మాట అనడే! తమాషా చూడ్డానికొచ్చాడా? మెడపట్టి గెంటేస్తా."

సమీహాకీ ఒళ్ళు మండింది. "ఇన్నేళ్ళూ వాగినవాడికి ఇవాళే నోరు పడిపోయిందా! నువ్వుండు, నేనే పంపిస్తా" అంటూ ముందుగదిలోకి నడిచింది.

ఆమె నోరు తెరిచేలోపే రుష్దీ గొంతు వినపడింది.

"ఏవయ్యా, అలా కూర్చున్నావ్? నాతో చెప్పడానికి ఏమీ లేదా?"

క్రావిట్స్ గట్టిగా ఊపిరి వదిలాడు. "హమ్మయ్య! మావాళ్ళలో దుఃఖంలో ఉన్నవాడు పలకరించేదాకా వచ్చినవాడు నోరు తెరవకూడదయ్యా. పొద్దుటినుంచీ చచ్చిపోతున్నాననుకో!"

"మావాళ్ళలో వచ్చినవాడే ముందు పలకరించాలి."

"చూశావా? చావు దగ్గరే ఎవరు ముందు మాట్లాడాలో మనకి కుదరలేదు. పైగా శాంతి చర్చలట, వాళ్ళ మొహం!"

రుష్దీ నవ్వాడు. నవ్వు సగంలోనే ఏడుపైంది. క్రావిట్స్ అతని చెయ్యి పట్టుకుని, "మీ అక్క గురించి చెప్పు" అన్నాడు. చిన్నప్పుడు ఆవిడ చెప్పుచ్చుకుని తనని వీధంతా తరమడం, తను ఈ దేశం రావడానికి తన గాజులు అమ్మడం, అన్నీ చెప్పుకొచ్చాడు రుష్దీ. క్రావిట్స్ ఒక్కసారి కూడా అడ్డురాలేదు.

లేవబోతూ గొణిగాడు. "ఇక్కడికొచ్చానని తెలిస్తే మా ప్రార్థనామందిరంలో నా పక్కన ఎవడూ కూర్చోడు."

"నిన్ను రానిచ్చానని మావాళ్ళు నా కొట్టు గడప తొక్కరు" అన్నాడు రుష్దీ.

"మంచిదేలెండి. ఇంక మీకు ఒకరికొకరే గతి" అంది సమీహా కళ్ళు తుడుచుకుంటూ. "రేపు పెందలాడే వచ్చి తగువేసుకోండి పెద్దాయనా. మీరిద్దరూ మాట్లాడకపోతే ఈ ఇంట్లో ఉండడం నావల్ల కాదు."